మార్లిస్ వద్దన్న ఇల్లు

బుధవారం పొద్దున లేస్తూనే మార్లిస్ ఆ రోజు పనులన్నీ వరసగా మనసులో పేర్చుకుంది. పదింటికి నది అవతలి పట్నంలో లాయరమ్మ దగ్గర ఒప్పందం చూసుకోవడం. పదకొండింటికి చెప్పుల దుకాణం. ఒంటిగంటకల్లా నార్డ్‌బీకి తిరిగొచ్చి చర్చి కింది హాల్లో బల్లలకు గుడ్డలు పరవడం. శనివారం పెళ్లి. పెళ్లికూతురికి అరవై ఆరు, పెళ్లికొడుకు ఆర్విల్‌కు అరవై తొమ్మిది. ఇద్దరికీ ఇది రెండో పెళ్లి కాబట్టి హడావిడి లేకుండా కానిద్దామనుకున్నారు. కానీ ఎవరిని పిలవకపోతే ఎవరేమనుకుంటారోనని ఇద్దరూ మొహమాటపడి, చివరికి రెండువందల మందిని పిలిచారు.

ఒప్పందం ఆర్విల్ కొడుకు కర్టిస్ ఆలోచన. కర్టిస్ చెడ్డవాడేమీ కాదు. తండ్రి మూడువందల ఎకరాల్లో చక్కెరదుంప సాగు చేసేవాడికి, ఆ తండ్రి మళ్లీ పెళ్లంటే ఆ మాత్రం గుండె దడ సహజం. ఎవరి ఆస్తి ఎవరిది, ఎవరు ముందు పోతే ఎవరికేమిటి అన్నది పెళ్లికి ముందే కాగితం మీద పెట్టుకుంటే తరవాత ఒకరి మొహం ఒకరు చూసుకోలేని పరిస్థితి రాదన్నాడు. మార్లిస్ సరేనంది. పెళ్లికి ముందురోజుకల్లా సంతకాలు కాకపోతే ఆ కాగితం చెల్లదు. నార్డ్‌బీలో ఉన్నది ఒకే ఒక్క లాయరు, లైల్. ఆయన ఆర్విల్‌తో కలిసి అరవై ఏళ్లుగా చేపలు పడుతున్నాడు. అందుకని మార్లిస్ తనకు వేరే లాయరును పట్నంలో వెతుక్కుంది. పేరు జీనా. న్యూజెర్సీ నుంచి వచ్చి ఆరు నెలలైంది.

పొలం మీద మార్లిస్‌కు ఏ ఆశా లేదు. భర్త పోయాక తొమ్మిదేళ్లుగా ధాన్యపు గిడ్డంగి వెనక తన రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఒక్క మనిషికి బల్ల ఎందుకని అన్నం సింకు దగ్గర నిలబడే తినేస్తుంది. ఇప్పుడు ఆర్విల్ వంటింట్లో, ఆయనకు ఎదురుగా కూర్చుని తినాలని ఉంది. ఆయన ముందు వెళ్లిపోతే ఆ వంటింట్లోంచి తనను ఎవరూ లేవగొట్టకుండా ఉంటే చాలు. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ అనలేదు. నార్డ్‌బీలో కావలసినదాన్ని కావాలని చెప్పడం, నలుగురిలో పైట జారవిడుచుకోవడంతో సమానం.

జీనా ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టింది. "కాఫీ తాగుతారా, మార్లిస్ గారూ?"

పొద్దున్నుంచి మార్లిస్ గొంతులో చుక్క కాఫీ పడలేదు. "వద్దమ్మా," అంది.

"సరే," అని జీనా కాఫీ కూజాను తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టేసింది.

మార్లిస్ ఆ కూజా వంక నోరు తెరుచుకుని చూసింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గాని, నార్డ్‌బీలో అడిగి పెట్టడానికి కూడా ఒక పద్ధతుంది. మొదటిసారి ఇస్తామంటే వద్దనాలి, అది మర్యాద. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అనాలి, అదీ మర్యాదే. మూడోసారి కూడా అడిగారంటే పెట్టే మనిషికి నిజంగా పెట్టాలని ఉన్నట్టు. అప్పుడు "మీరింతగా అంటున్నారు గనక, ఓ అరకప్పు" అని పుచ్చుకోవాలి. అరకప్పంటే అంచులదాకా పొయ్యాలి. ఈ పద్ధతి తెలియని మనిషిని మార్లిస్ అంతకుముందు చూడలేదు, ఉంటారని కూడా అనుకోలేదు.

జీనా కాగితం ముందుకు లాక్కుంది. "లైల్ గారు పంపిన చిత్తుప్రతి ఇది. ఆర్విల్ గారు ముందు పోతే, మీరు బతికున్నన్నాళ్లూ ఆయన ఇంట్లో ఉండొచ్చని రాశారు. కావాలా?"

మార్లిస్ గుండె ఒక్కసారి ఎగిరిపడింది. ఆయనంతట ఆయనే రాశాడన్నమాట! కానీ కాఫీకే సరే అనలేని మనిషి ఇంటికి సరే అని ఎలా అంటుంది? "అయ్యో, అంతిల్లు నాకెందుకమ్మా! వద్దులే."

జీనా కలం ఆ వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివరకు సర్రున నడిచింది.

మార్లిస్ గొంతు సవరించుకుంది. కూజా వంక చూసింది. రెండోసారి అడగడానికి వీలుగా కాస్త పక్కకు తిరిగి కూర్చుంది.

"రెండోది. సరస్సు ఒడ్డున చిన్న కేబిన్, అందులో సగం."

"అబ్బే."

సర్రు.

"పడవ?"

"నాకు పడవెందుకు?" ఇది మాత్రం ఆవిడ నిజంగానే అంది. దానికీ అదే గీత పడింది.

మార్లిస్ చివరికి తెగించి, "ఇల్లంటే... పెద్దదే కదూ..." అని సాగదీసింది. నార్డ్‌బీలో పాలు మరవని పిల్లకైనా దీనికి 'మళ్లీ అడగండి' అన్న అర్థం తెలుసు.

"పెద్దదే మరి! ఊడ్చుకోలేక చచ్చేవారు. మంచి పని చేశారు," అంది జీనా, కళ్లు చెమరుస్తుండగా. "ఏమీ అక్కర్లేదు, మనిషి చాలు అనేవాళ్లను మా న్యూజెర్సీలో ఒక్కరిని కూడా చూళ్లేదండీ. ఇవాళే లైల్ గారికి పంపించేస్తాను."

మార్లిస్ ఇల్లూ, కాఫీ రెండూ పోగొట్టుకుని తలనొప్పితో బయటికొచ్చింది. చెప్పుల దుకాణంలో అమ్మాయి ఒక జత చూపించి "వేసి చూస్తారా?" అంటే అలవాటుగా వద్దని, ఆ దుకాణంలోంచి కూడా ఉత్త చేతులతో వచ్చేసింది.

గురువారం పొద్దున్నే జీనా ఫోను చేసింది. గొంతులో ఏదో గూఢచారి బిగువుంది.

"మార్లిస్ గారూ, వాళ్లు మళ్లీ పంపారు. ఇల్లు మళ్లీ పెట్టారు. పైన నలభై ఎకరాలు కలిపారు."

మార్లిస్ కుర్చీ లాక్కుని కూలబడింది. ఆర్విల్ ఎంత పద్ధతైన మనిషి! మొదటి వద్దుకు వద్దని కాదు అర్థమని ఆయనకు తెలుసు. రెండోసారి అడిగాడు, అదీ పెంచి అడిగాడు. ఇంకొక్కసారి అడిగితే ఇక ఇల్లు తనదే. గొంతులో సంతోషం దాచుకుంటూ, "అబ్బే, ఆయనకెందుకమ్మా అంత శ్రమ," అంది.

"కొట్టేశాను," అంది జీనా. "కానీ నాకొకటి చెప్పండి. వద్దన్నకొద్దీ ఎక్కువిచ్చే మనిషిని ఎక్కడైనా చూశారా? మా వైపు అలా ఇస్తున్నారంటే ఆ నేల కింద ఏదో ఉన్నట్టే. పాత పెట్రోలు ట్యాంకో, పాతిపెట్టిన పురుగుమందో. రేపు పెళ్లయ్యాక ఆ దరిద్రం మీ మెడకు చుట్టుకుంటుంది."

"ఆర్విల్ గారి పొలంలోనా? దాని కింద దుంపలుంటాయమ్మా."

"చూద్దాంగా. మట్టి పరీక్షకు మనుషుల్ని పంపుతున్నాను. అన్నీ బయటపెట్టమని అడిగే హక్కు మీకుంది."

మార్లిస్ తనకు తెలిసిన మాటల్లోకెల్లా కఠినమైన మాట వెతికి తీసి, "అది... కాస్త వేరేగా ఉంటుందేమోనమ్మా," అంది.

నార్డ్‌బీలో ఇంతకు మించిన తిట్టు లేదు. కిందటిసారి ఆ మాట వినబడింది పదకొండేళ్ల కిందట. చర్చికి కొత్తగా వచ్చిన ఫాదరు జుట్టుకు రంగేసుకొచ్చిన రోజున. ఆయన నెల తిరక్కుండా బదిలీ చేయించుకున్నాడు. ఇదేమీ తెలియని జీనా, "వేరేగానే చెయ్యాలండీ, అందరిలా చేస్తే మోసపోతాం," అని ఫోను పెట్టేసింది.

నార్డ్‌బీ చుట్టుపక్కల నేల చాప పరిచినట్టు ఉంటుంది. తొమ్మిది మైళ్ల అవతల కుక్క పడుకున్నా తెలుస్తుంది. అలాంటి చోట మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద గొట్టం ఎత్తుకున్న పసుపు రంగు లారీ ఒకటి రోడ్డు పక్కనే, ఆర్విల్ దుంప పొలంలో దిగి తవ్వడం మొదలుపెట్టింది. ఒంటిగంటకు హోటల్లో, పెళ్లికూతురు పెళ్లికొడుకు పొలం మట్టికి పరీక్ష పెట్టిందన్నారు. రెండింటికి, ఆ పొలంలో ఏదో పాతిపెట్టారన్నారు. మూడింటికి ఎవరో, ఆర్విల్ మొదటి భార్య అయోన్ సమాధి చర్చి వెనకే ఉంది కదూ అని అవసరమైనదానికంటే గట్టిగా గుర్తు చేసుకున్నారు. నాలుగింటికి పెళ్లి తప్పిపోయింది.

ఈ చివరి కబురు మార్లిస్‌కు వెర్నా మోసుకొచ్చింది. వెర్నా చర్చి హాల్లో ముప్పై ఏళ్లుగా మార్లిస్ పక్కన గిన్నెలు తోమిన నేస్తం. రెండు చేతులా గాజు పాత్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మాంసం, చిక్కటి సూపు, పైన బంగాళాదుంప ముక్కలు పేర్చి పొయ్యిలో కాల్చిన హాట్‌డిష్. అది చూసి మార్లిస్ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఊళ్లో హాట్‌డిష్ చావుకు తెస్తారు, ఇల్లు కాలిపోతే తెస్తారు, మొగుడు వదిలేస్తే తెస్తారు. ఊరికే ఎవరూ తేరు.

"ఏమేవ్, ఇలా అవుతుందనుకోలేదే," అంది వెర్నా.

"ఏమైందే?"

"నాకేం తెలుసు? నేనేమీ అడగటం లేదు. అడిగే అలవాటు నాకు లేదు. ఉప్పు కాస్త తగ్గినట్టుంది, చూసుకో."

"వెర్నా! ఏమైందో చెబుతావా లేదా?"

"ఆర్విల్‌కి మధ్యాహ్నం నించి ఎనిమిది హాట్‌డిష్‌లొచ్చాయటే. ఫ్రిజ్జులో చోటు లేక మెట్ల మీద వరసగా పెట్టుకున్నాడట, పాపం."

"ఆయనకెందుకు?"

"పెళ్లి తప్పిపోయిందిగా!"

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలేమిటి? ఎనిమిది హాట్‌డిష్‌లు ఊరికే వస్తాయా?" అంది వెర్నా. ఈ మాటకు తిరుగు లేదు. "ఆ తవ్వేవాళ్లకు కూడా వద్దనలేకపోయాడట, పిచ్చి మారాజు. 'మీకు శ్రమ లేకపోతే తవ్వుకోండి' అని కాఫీ కూడా ఇచ్చాడట. ఎందుకే అంత మంచివాణ్ణి అలా చేశావ్?"

"నేనేం చేశానే? ఇల్లు వద్దన్నాను, అంతే! రెండేసార్లు అన్నాను!"

"మరి మూడోసారి?"

"ఇంకా అడగలేదు."

వెర్నా మార్లిస్ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడింక అడుగుతాడా?" అంది.

ఆవిడ వెళ్లగానే మార్లిస్ ఫోను తీసింది. సంతకాలయ్యేదాకా ఆయనతో మాట్లాడవద్దని జీనా చెప్పింది గాని, ఆ మాట ఇప్పుడెవరికి పట్టింది?

"ఆర్విల్ గారూ, బాగున్నారా?"

"బాగానే. మీరు?"

"బాగానే. గాలి కాస్త ఉంది."

"ఉంది. పొద్దున ఇంకా ఉండింది."

కాసేపు ఇద్దరూ ఆ గాలినే విన్నారు.

"తవ్వేవాళ్లు వెళ్లారా?"

"వెళ్లారు. మంచి కుర్రాళ్లు. గుంట పూడ్చే వెళ్లారు."

'నాకు మీ ఇల్లు కావాలండీ' అన్న మాట మార్లిస్ నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. "మీకు పనుంటుంది, ఉంటాను మరి," అంది.

"పనేం లేదు... సరే మరి," అన్నాడు ఆర్విల్.

ఫోను పెట్టేసి మార్లిస్ ఏడ్చింది. భర్త పోయినప్పుడు ఏడ్చినట్టే, సింకు పట్టుకుని నిలబడి ఏడ్చింది. ఒక్క మంచి మాట నోటితో అనలేక మనిషిని పోగొట్టుకుంటున్నానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం మూడింటికి లైల్ ఆఫీసులో నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మార్లిస్ పొద్దున్నుంచీ అద్దం ముందు ఒకే మాట సాధన చేసుకొచ్చింది. 'మీరింతగా అంటున్నారు గనక సరే.' ఆయన మూడోసారి అడగడమే తరువాయి. ఆర్విల్ మెడకు టై బిగించుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా కూర్చున్నాడు. ఆయన కళ్ల కింద నిద్రలేని చారలున్నాయి.

లైల్ కళ్లద్దాలు సవరించుకుని మట్టి నివేదిక అందుకున్నాడు. "ఆరడుగుల దాకా నల్లమట్టి. దాని కింద బంకమట్టి. దాని కింద ఇంకా బంకమట్టి. ఇంకేమీ లేదు," అని చదివి, జీనా వంక మర్యాదగా చూశాడు. "అడిగితే నేనే చెప్పేవాణ్ణమ్మా."

జీనా మొహం ఎర్రబడింది. "ఒరే ఆర్విల్, ఇక ఇంటి సంగతి," అన్నాడు లైల్. "ఏం రాయమంటావ్?"

మార్లిస్ కుర్చీలో ముందుకు జరిగింది.

"కొట్టెయ్‌రా," అన్నాడు ఆర్విల్. "నోటితో వద్దనడం వేరు, కాగితం మీద వద్దనడం వేరు. ఆవిడ రెండుసార్లు కాగితం మీద వద్దంది. అయోన్ తెరలు కట్టిన ఇంట్లో ఇంకో ఆడమనిషిని ఉండమనడం నాదే తప్పు. ఆ ఇల్లు కర్టిస్‌కి రాసెయ్. ముగ్గురు పిల్లలతో వాడికే ఇరుగ్గా ఉంది."

లైల్ కలం ఆ వాక్యం మీద నడిచింది. సాధన చేసిన మాట మార్లిస్ గొంతులోనే ఉండిపోయింది. ఆవిడకు బల్ల అంచు తప్ప ఏమీ కనిపించలేదు.

ఆర్విల్ లేవలేదు. టోపీని మోకాలి మీద ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "మార్లిస్ గారూ," అన్నాడు టోపీతోనే మాట్లాడుతున్నట్టు. "మీ ఇంట్లో... నాకు కాస్త చోటుంటుందా? ఎక్కువేం అక్కర్లేదు. ఓ కుర్చీ పట్టేంత—"

"ఉంది!" అంది మార్లిస్.

లైల్ చేతిలోంచి కలం జారి కింద పడింది. డెబ్భై ఏళ్ల నార్డ్‌బీ కాపురంలో ఒక మనిషి మొదటిసారికే ఔననడం ఆయన చెవులారా వినడం అదే ప్రథమం. తానేమందో తెలిసి మార్లిస్ చెవులదాకా ఎర్రబడింది గాని మాట వెనక్కి తీసుకోలేదు. అందరికంటే ఎక్కువ కంగారు పడ్డవాడు ఆర్విల్. అంత తొందరగా ఔనంటారని ఆయన సిద్ధపడి రాలేదు. అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"అయ్యో, వద్దులెండి, మీకెందుకు—"

జీనా కలం గబుక్కున కాగితం మీద వాలింది. మార్లిస్ ఆ పిల్ల మణికట్టు పట్టేసుకుంది. "కొట్టెయ్యకు! ఇంకా రెండుసార్లుంది!" అని ఆర్విల్ వైపు తిరిగింది. "రండి, ఆర్విల్ గారూ."

"నా బూట్ల నిండా బురద. మీకు శ్రమ..."

"రండి. బురదతోనే రండి."

ఆర్విల్ మొదటిసారి తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. "మీరింతగా అంటున్నారు గనక, సరే," అన్నాడు. మూడు రోజులుగా బిగుసుకుపోయిన ఆయన భుజాలు అప్పుడు కిందికి దిగాయి. మార్లిస్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. వంటింట్లో ఎదురుగా కూర్చునే మనిషి దొరికాడు. అక్కణ్ణుంచి తనను లేవగొట్టేవాడు ఎవడూ లేడు, ఇల్లే తనది.

జీనా ఈ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి ఏదో వెలిగినట్టు, "అంటే... మొన్న కాఫీ కూడా..." అంది.

"తలనొప్పితో ఇంటికెళ్లానమ్మా."

"మరి ఆ ఇల్లు?"

మార్లిస్ కిటికీలోంచి బయటికి చూసింది. జీనా తల రెండు చేతుల్లో పెట్టుకుంది. "దేవుడా! మీ ఆస్తి కాపాడమని కదండీ నన్ను పెట్టుకున్నారు! ఆయన మూడువందల ఎకరాలు, ఇల్లు, కేబిన్, పడవ ఆయన వైపే ఉన్నాయి. ఈ కాగితం మొత్తానికి అవతలి వైపుకు హక్కు రాసిచ్చింది మీ రెండు గదులొక్కటే!"

"ఔనమ్మా," అంది మార్లిస్ ఎంతో తృప్తిగా. "బాగా రాశావు."

నాలుగున్నరకు సంతకాలయ్యాయి. సాక్షులుగా వెర్నాను, కింది అంతస్తులో క్షవరం చేసే ఆయన్ను పిలిచారు. వెర్నా కాగితంలో ఏముందని అడగలేదు, సంతకం పెట్టే నెపంతో నాలుగు పేజీలూ చదివేసింది. ఐదింటికల్లా పెళ్లి మళ్లీ కుదిరిందని ఊరంతా తెలిసింది.

ఆఫీసు మెట్ల దగ్గర మార్లిస్ జీనాను ఆపి, సంచీలోంచి చెక్కుల పుస్తకం తీసింది. "నీ ఫీజెంతమ్మా?"

జీనా కళ్లు మెరిశాయి. కొత్తగా నేర్చుకున్న విద్య చూపించుకునే అవకాశం ఇంత తొందరగా వస్తుందని ఆ పిల్ల అనుకోలేదు. చెయ్యి అడ్డంగా ఊపి, అచ్చం నార్డ్‌బీ మనిషిలా గొంతు సాగదీసి, "అయ్యో, మీ దగ్గర ఫీజేమిటండీ! వద్దులెండి," అంది. అని కాస్త పక్కకు తిరిగి, ఆకాశం వంక చూస్తూ నిలబడింది.

మార్లిస్ ఆ పిల్లను పరిశీలనగా చూసింది. మొదటి మాటకే నమ్మడంలో ఎంత సుఖముందో ఆవిడకు ఆ పూటే తెలిసింది. "సరే అమ్మా," అని చెక్కుల పుస్తకం మూసి సంచీలో పెట్టుకుని, కారు దగ్గర ఎదురుచూస్తున్న ఆర్విల్ వైపు నడిచింది.

జీనా రెండోసారి కోసం ఆ మెట్ల మీద చాలాసేపు నిలబడింది.